తోడల్లుడి దండెం

డ్రాయింగ్ మాస్టారు ఎవరికీ డ్రాయింగ్ నేర్పలేదు. పంపులు తయారుచేసే ఫ్యాక్టరీలో నక్షాలు గీసే సెక్షన్‌లో ఆయన ఉద్యోగం. అయినా ఆయన ఉండే అపార్టుమెంటులో అందరూ మాస్టారనే పిలుస్తారు. ఆ అపార్టుమెంటులో ఎవర్నైనా ఉత్త పేరుతో పిలిస్తే ఏదో తక్కువ చేసినట్టుంటుంది.

మాస్టారికి వస్తువులు కనిపెట్టే జబ్బుంది. చుక్క కారని నూనె సీసా మూత, గొడుగు నీళ్ళు పట్టుకునే స్టాండు, గోడలోకి ముడుచుకునే ఇస్త్రీ బల్ల, ఇలా కొన్ని కనిపెట్టారు. చూసినవాళ్ళందరూ బాగుందన్నారు. ఎంత బాగుందన్నారంటే, ఒక్కరూ కొనలేదు. తెలిసినవాడి దగ్గర కొనడమేంటి, అడిగితే ఊరికే ఇవ్వడా అని తెలిసినవాళ్ళు అనుకున్నారు. మనలో ఒకడు చేసినదాన్ని నమ్మడమెలా అని తెలియనివాళ్ళు అనుకున్నారు. రెండు రకాల వాళ్ళూ బజారుకెళ్ళి, ఎక్కడో తయారైన చుక్క కారే మూతలు కొనుక్కొచ్చుకున్నారు. మాస్టారి మూతలు అటకెక్కాయి.

ఈసారి ఆయన కనిపెట్టింది దండెం. బట్టలారేసుకునే మామూలు దండెమే, కాకపోతే వానొస్తే దానంతటది లోపలికి వచ్చేస్తుంది. బాల్కనీ బయటికి జరిగే రెండు గాడుల మీద దండెం ఉంటుంది. చివర అగ్గిపెట్టెకి అన్నయ్యలా ఒక చిన్న డబ్బా. డబ్బాకి పైన బొక్క, లోపల ఎండిన స్పాంజి బిళ్ళ. నాలుగు చినుకులు పడగానే బిళ్ళ ఉబ్బి గొళ్ళేన్ని తోస్తుంది. గొళ్ళెం ఊడగానే స్ప్రింగు దండేన్ని బట్టలతో సహా కప్పు కిందికి లాక్కుంటుంది. కరెంటు అక్కర్లేదు. ఇంట్లో మనిషుండక్కర్లేదు.

ఇంటి సామాన్లు అమ్మే ఒక కంపెనీ నుంచి మేడమ్ వచ్చి దాన్ని చూసింది. చెంబుతో నీళ్ళు పోసి చూసింది. బాగుందని మాత్రం అనలేదు. మాస్టారికి అప్పుడే ఆవిడ మీద గౌరవం కలిగింది.

"మాకు వేరే దేశాల్లో కూడా షాపులున్నాయండీ," అంది మేడమ్. "అక్కడ కొత్త వస్తువు చేతికిస్తే సాయంత్రానికల్లా ఫోన్ చేసి తిడతారు. తిడితే సరిచేస్తాం, సరిచేస్తే అమ్ముడవుతుంది. ఇక్కడ కనిపెట్టేవాళ్ళకేం కొదవ లేదు మాస్టారూ, తిట్టేవాళ్ళకే కొదవ."

"తిట్టేవాళ్ళు లేకపోవడమేంటండీ? ఒకసారి మా మెట్ల దగ్గర నిలబడండి."

"ఎదురుగా తిట్టేవాళ్ళండీ."

మేడమ్ చెప్పిన షరతు ఒక్కటే. ఈ వానాకాలం అయ్యేలోగా మూడిళ్ళలో దండెం వాడించి, దాని తప్పులేంటో పట్టుకురావాలి. ఆవిడ రెండుసార్లు వచ్చి ఆ ఇళ్ళవాళ్ళనే అడుగుతుంది. రెండోసారి కూడా బాగుందన్న మాటే వినిపిస్తే, దండేల్ని వేలల్లో పోత పోయడానికి కంపెనీ తియ్యాల్సిన అచ్చు ఇంకో వస్తువుకి తీస్తారు. దండెం మాత్రం అటక మీద మూతల పక్కకి వెళ్తుంది. "అటక మీద చోటు లేదు," అని మాస్టారి భార్య ముందే చెప్పేసింది.

మాస్టారు మూడు దండేలు సొంతంగా తయారుచేసి, నున్నగా రంగు వేసి, కవర్లో పెట్టి పంచారు. ఒకటి పై అంతస్తులో పళ్ళ డాక్టరుగారికి, ఒకటి కింద అంతస్తులో టీచరమ్మకి, ఒకటి పక్కవాటాలో ఉండే పెద్దమ్మగారికి. ముగ్గురూ, "అయ్యో, ఇప్పుడెందుకండీ ఇవన్నీ," అంటూనే చేతులు చాపారు. బిగించడానికి మాస్టారు వెళ్తానంటే ముగ్గురూ వద్దన్నారు. ఇల్లు సర్ది లేదట. డాక్టరుగారి బామ్మర్దికి డ్రిల్లింగు మిషనుంది, అన్నిళ్ళకీ అతనే బిగించేశాడు.

మొదటి వాన మంచిదే పడింది. మాస్టారు గొడుగేసుకుని రోడ్డు మీదికెళ్ళి తలెత్తి చూశారు. ఆయన బాల్కనీలో దండెం బుద్ధిగా లోపలికి వెళ్ళిపోయి ఉంది. మిగతా మూడు బాల్కనీల్లో దుప్పట్లు బయటే వేలాడుతూ ధారలుగా కారుతున్నాయి. కింది నుంచి దుప్పట్లే కనిపిస్తాయి. వాటి వెనకున్న డబ్బా సంగతేంటో తెలీదు.

వాన వెలిశాక డాక్టరుగారింటికి వెళ్ళారు. డాక్టరుగారు ముందుగదిలో కూర్చోబెట్టి కాఫీ ఇప్పించారు.

"దండెం ఎలా ఉంది డాక్టరుగారూ?"

"అద్భుతమండీ."

"మరి బట్టలు తడిసినట్టున్నాయి?"

"తడిశాయండీ. కానీ ఎంత బాగా తడిశాయని! ఇదివరకు అక్కడో ముక్క ఇక్కడో ముక్క తడిసేవి. ఇప్పుడన్నీ ఒకే తీరు."

"ఒకసారి బాల్కనీలోకెళ్ళి చూడనా?"

"ఇప్పుడా? లోపల గదంతా చిందరవందరగా ఉందండీ. మీరు కాఫీ తాగండి."

టీచరమ్మ కూడా ముందుగదిలోనే కూర్చోబెట్టింది. "పదికి పది వేసెయ్యొచ్చు మాస్టారూ," అంది.

"ఒక మార్కు తగ్గించండమ్మా, నేనేమీ అనుకోను."

"ఎంత మాట! ఇరుగుపొరుగువాళ్ళకి మార్కులు తగ్గిస్తారా ఎవరైనా?"

పక్కవాటా పెద్దమ్మగారు గుమ్మంలోనే దొరికింది. తడి దుప్పటి ఒక కొన ఆవిడ చేతిలో, ఇంకో కొన పనమ్మాయి చేతిలో. ఇద్దరూ కలిసి పిండుతున్నారు. "నీ చేతిలో ఏముందో గానీ నాయనా, బంగారంలాంటి దండెం," అంది పెద్దమ్మగారు, నీళ్ళు మాస్టారి చెప్పుల మీద పడుతుండగా.

మేడమ్ అడగడానికి మొదటిసారి వచ్చినప్పుడూ ఇదే జరిగింది. మూడిళ్ళలోనూ ఆవిడకి కాఫీ, బిస్కెట్లు, పొగడ్తలు పెట్టారు. చివర్లో మాస్టారింటికొచ్చి, కొన్నప్పటి ప్లాస్టిక్ తొడుగు ఇంకా తియ్యని సోఫా మీద కరకరమంటూ కూర్చుంది.

"డాక్టరుగారు పొగుడుతుంటే వెనకాల వాళ్ళావిడ తడి దిండుగలీబులకి ఇస్త్రీ చేస్తోందండీ," అంది. "ఇంకొక్కసారి వస్తాను మాస్టారూ. అంతకంటే నా చేతుల్లో లేదు."

ఆ సాయంత్రం మాస్టారి భార్య పొడి బట్టలు మడత పెడుతోంది. మాస్టారు ఎదురుగా కూర్చుని ఫ్యాను వంక చూస్తున్నారు.

"పోనీ నేనే గోడదూకి చూసి రానా?"

"దూకండి. నడుం విరిగితే దాన్ని కూడా బాగుందంటారు." ఆవిడ ఒక చొక్కా దులిపింది. "మీరు చేశారని తెలిసి మీ మొహం మీద ఎలా చెప్తారండీ? ఎవరో చేశారని చెప్పండి. అప్పుడు ఆపమన్నా ఆపరు."

"ఎవరని చెప్పను?"

"మా బావగారని చెప్పండి."

బావగారంటే ఆవిడ అక్క భర్త, అంటే మాస్టారి తోడల్లుడు. బీమా ఆఫీసులో సూపరింటెండెంటు. మాస్టారు ఉలిక్కిపడ్డారు. "అన్నగారా? ఆయనకి స్క్రూ ఎటు తిప్పితే బిగుస్తుందో కూడా తెలీదే!"

"తెలీదని ఆయనెప్పుడైనా ఒప్పుకున్నారా?"

ఒప్పుకోలేదు. దారి అడిగినవాళ్ళకి తెలియని వీధికి కూడా దారి చెప్పి పంపే మనిషాయన. ఊరికి అవతలి కొసన ఉంటారు, ఇక్కడికి రావడమే అరుదు. మాస్టారు రెండు రోజులు ఆలోచించి, మూడో రోజు పళ్ళ డాక్టరుగారింటి గంట నొక్కారు.

"డాక్టరుగారూ, ఒక సంగతి దాచాను. ఆ దండెం నాది కాదండీ. మా తోడల్లుడుగారు కనిపెట్టారు. మొహమాటానికి నా పేరు చెప్పాను."

డాక్టరుగారు ఊపిరి వదిలారు. పన్ను పీకాక పేషెంట్లు వదిలే రకం ఊపిరి.

"అదీ సంగతి! మా ఆవిడతో అంటూనే ఉన్నానండీ, మాస్టారి పనితనం ఇలా ఉండదని. రండి, లోపలికి రండి, చూపిస్తాను. గదిదేముందండీ, ఎవరింట్లో చిందరవందర లేదు?"

తిట్టుకునేటప్పుడు ఇల్లు సర్దక్కర్లేదని మాస్టారికి అప్పుడే తెలిసింది. పడగ్గదిలోంచి, మంచం మీద పడేసిన బట్టల్ని దాటుకుని, బాల్కనీలోకి వెళ్ళారు.

"తెచ్చిన రోజు గ్లాసుడు నీళ్ళు పోసి చూశామండీ. ధడేల్‌మని వచ్చి కొట్టుకుంది. పక్కింట్లో పాప నిద్ర లేచి ఏడుపు. క్లిప్పులు గాడిలో ఇరుక్కున్నాయి. తడి దుప్పటేస్తే సగం దూరం వచ్చి ఆలోచిస్తూ నిలబడింది. ఏమండీ, మీ తోడల్లుడుగారు ఎప్పుడైనా బట్టలుతికారా?"

మాస్టారు వినడం లేదు. ఆయన కళ్ళు డబ్బా మీద ఉన్నాయి. డబ్బాకి అది వచ్చిన ప్లాస్టిక్ కవరే రెండు మడతలు చుట్టి, మీద రబ్బరు బ్యాండు వేసి ఉంది. నీళ్ళ చుక్క కాదు గదా, గాలి కూడా దూరేలా లేదు.

"ఈ కవర్ ఎందుకండీ?"

"ఎందుకంటారేంటి? వానలో తడిస్తే పాడైపోదూ?"

"అది తడిస్తేనే కదండీ బట్టలు తడవకుండా ఉండేది!"

"అదేనండీ మీ తోడల్లుడుగారి తెలివి! నున్నగా రంగేసిన కొత్త వస్తువుని ఎవరైనా చేతులారా వానలో తడుపుతారా? చదువుకున్నవాళ్ళం, మనకి మనసెలా ఒప్పుతుంది?"

మాస్టారు టీచరమ్మ ఇంటికి వెళ్ళి అదే అబద్ధం చెప్పారు. పదికి పది కాస్తా మూడైంది. ఆవిడ డబ్బాకి పుస్తకాలకి వేసే అట్ట వేసి, దాని మీద ప్లాస్టిక్ వేసి, మూలలు మడిచి టేపు అంటించింది. పెద్దమ్మగారింట్లో డబ్బా పూలగుడ్డతో కుట్టిన సంచిలో ఉంది. "మీ తోడల్లుడు ఇచ్చాడు గానీ నాయనా, కవర్ ఇవ్వాలన్న ఇంగితం లేదు. నేనే కుట్టించుకున్నాను," అంది ఆవిడ.

మాస్టారి సొంత దండేనికి మాత్రం కవర్ ఎందుకు లేదు? అది మొదట తయారుచేసిన నమూనా. రంగు లేదు, పక్కన సుత్తి దెబ్బలున్నాయి. దాన్ని కాపాడాలని ఎవరికీ అనిపించలేదు. అందుకే పనిచేసింది.

"డబ్బా మీద పెద్ద అక్షరాలతో 'కవర్ కప్పకూడదు' అని రాస్తాను," అన్నారు మాస్టారు ఇంటికొచ్చి.

భార్య ఫ్రిజ్ తలుపు చూపించింది. దాని పిడికి ప్లాస్టిక్ తొడుగు. తొడుగు మీద, 'వాడే ముందు ఈ తొడుగు తీసివేయండి' అని ఉంది. ఆ అక్షరాలు చెరిగిపోకుండా ఇన్నేళ్ళూ దాని మీద టేపు అంటించి ఉంచింది ఎవరో కాదు, మాస్టారే.

ఆయన ఆ తొడుగుని వేలితో తడిమి చూసి, పెన్సిలు అందుకున్నారు.

తర్వాత ఆదివారం మధ్యాహ్నానికి కొత్త డబ్బా తయారైంది. దానికి గాజులా మెరిసే ప్లాస్టిక్ కవర్ ముందే బిగించి ఉంది. దూరం నుంచి చూస్తే ఏ కవరైనా ఇంతే అనిపిస్తుంది. కానీ దాని పైభాగం గరాటులా మధ్యకి వంగి ఉంటుంది, వంపు అడుగున కంటికి ఆనని బొక్క. కవర్ మీద పడిన ప్రతి చినుకూ జారి స్పాంజి బిళ్ళ మీదికే పోతుంది. అంటే ఆ కవరే యంత్రం. ఫ్యాక్టరీలో బిగించి వచ్చిన కవర్‌ని ఈ భూమ్మీద ఎవరైనా తీస్తారేమో గానీ, ఈ వీధిలో తియ్యరు. పనిలో పనిగా ధడేల్‌మనకుండా చివర రబ్బరు ముక్క పెట్టారు. క్లిప్పులు ఇరుక్కోకుండా గాడికి అంచు కట్టారు.

"మా తోడల్లుడుగారు మార్చి పంపించారండీ," అని మూడిళ్ళలోనూ ఇచ్చారు.

"పోన్లెండి, కవర్ ఇవ్వాలని ఇప్పటికైనా తట్టింది," అన్నారు ముగ్గురూ.

మళ్ళీ వాన పడ్డ రోజు మాస్టారు ఫ్యాక్టరీకి సగం రోజు సెలవు పెట్టి రోడ్డు మీద నిలబడ్డారు. మొదటి చినుకులు గొడుగు మీద టపటపమన్నాయి. ముందు డాక్టరుగారి దండెం కదిలింది. చొక్కాలు, తువ్వాళ్ళు చేతులూపుకుంటూ లోపలికి వెళ్ళిపోయాయి. కాసేపటికి పెద్దమ్మగారిది. టీచరమ్మది దుప్పటి బరువుకి సగం దూరంలో ఆగింది గానీ, ఆ సగమైనా వచ్చింది. మాస్టారు గొడుగు కొంచెం పక్కకి వంచి ఇంకా బాగా చూశారు. భుజం తడిసిపోయింది. అలాగే నిలబడ్డారు.

వానాకాలం ఆఖర్లో ఒక ఆదివారం తోడల్లుడుగారు చెప్పాపెట్టకుండా వచ్చారు. కింద ఆటో దిగింది ఎప్పుడో, పైకి వచ్చింది ఎప్పుడో. వచ్చి, చెప్పులు విప్పి, మాస్టారిని పక్కకి పిలిచారు.

"తమ్ముడూ, ఒక్క మాట. నేనేం తయారుచేశాను?"

"ఎవరేమన్నారు అన్నగారూ?"

"కింద ఒకావిడ, టీచరట, మాస్టారి తోడల్లుడుగారు మీరేనా అని పట్టుకుంది. దుప్పటేస్తే సగంలో ఆగిపోతోందండీ అంది."

"మీరేమన్నారు?"

"స్ప్రింగు మారుస్తానన్నాను."

"అందులో స్ప్రింగుందని మీకెవరు చెప్పారు?"

"ఏది ఆగినా స్ప్రింగే కదోయ్."

మాస్టారి భార్య ముందుకొచ్చింది. "బావగారూ, తప్పు నాది. తిట్లు తినడానికి ఒక పెద్ద తలకాయ కావాల్సొచ్చింది. మీకంటే పెద్దది మా చుట్టాల్లో దొరకలేదు."

సంగతంతా విని సూపరింటెండెంటుగారు సోఫాలో కరకరమంటూ వెనక్కి వాలారు. కోప్పడతారనుకున్నారు ఇద్దరూ. ఆయన కళ్ళజోడు తుడుచుకున్నారు.

"మా ఆఫీసులో ఇన్నేళ్ళలో ఎవ్వరూ నా ఎదురుగా ఒక్క మాటనలేదమ్మా. నేను గదిలోకి వెళ్తే మాటలాగిపోతాయి. ఇవాళ ముగ్గురు కొత్తవాళ్ళు మెట్ల మీద ఆపి చెడామడా వాయించారు. ఎంత చనువుగా ఉందో! అది సరే, ఆ స్పాంజి బిళ్ళ ఎక్కడుంటుందో చెప్పు తమ్ముడూ. వెళ్ళేటప్పుడు మళ్ళీ అడుగుతారు."

అప్పుడే గంట మోగింది. కంపెనీ మేడమ్. ఆవిడ వెనకే డాక్టరుగారు, టీచరమ్మ, పెద్దమ్మగారు కూడా వచ్చారు. తోడల్లుడుగారు దొరికారు కదా, మిగిలిన నాలుగు మాటలూ అనేసి పోదామని వాళ్ళ ఉద్దేశం.

మేడమ్ మొహం వెలిగిపోతోంది. "మూడిళ్ళూ తిరిగొచ్చానండీ. ఎన్ని తప్పులు చెప్పారని! మా ఉద్యోగంలో ఇంత మంచి రోజు ఎప్పుడో గానీ రాదు. ఏది సరిచేశారో, ఏది మిగిలిందో అన్నీ తెలిసిపోయాయి. అచ్చు దండేనికే. కాకపోతే కనిపెట్టినవారి పేరు మీదే ఒప్పందం రాసుకుంటాం. అందరూ తోడల్లుడుగారంటున్నారు. ఎవరండీ ఆయన?"

మూడు జతల కళ్ళూ సూపరింటెండెంటుగారి వైపు తిరిగాయి. కాదనడం కూడా తెలీదనడం లాంటిదే కాబట్టి ఆయన కాదనలేదు. చొక్కా కాలరు సర్దుకున్నారు.

మాస్టారు ముగ్గురి మొహాలూ చూశారు. నేనని చెప్తే, ఇన్నాళ్ళూ తన ఎదురుగానే తనని తిట్టామని వీళ్ళకి తెలిసిపోతుంది. రేపట్నుంచి మెట్ల మీద తల దించుకుని పోతారు. చెప్పకపోతే, ఇన్నేళ్ళలో అటకెక్కని ఒకే ఒక్క వస్తువు ఇంకొకరిదైపోతుంది.

"నేనేనండీ," అన్నారు మాస్టారు. "మొదట్నుంచీ నాదే. నిజం వినాలని అన్నగారి పేరు వాడుకున్నాను. మీరన్న ప్రతి మాటా నాకు పనికొచ్చింది. తప్పు నాది, మీది కాదు."

డాక్టరుగారు నాలికతో తన పళ్ళు తనే లెక్కపెట్టుకుంటున్నట్టున్నారు.

ముందు తేరుకుంది టీచరమ్మ. "అదే అనుకున్నాం మాస్టారూ! ఇంత బాగా ఇంకెవరు చేస్తారని!"

"ఆ పనితనం చూస్తే తెలీదటండీ?" అన్నారు డాక్టరుగారు.

"బంగారం," అంది పెద్దమ్మగారు.

మేడమ్ నవ్వాపుకుంటూ టీచరమ్మ వైపు తిరిగింది. "ఇందాక దుప్పటేస్తే సగంలో ఆగుతోందన్నారు?"

"ఆగితే మంచిదే కదండీ. కాస్త గాలి తగులుతుంది."

"చప్పుడింకా ఉందన్నారు డాక్టరుగారూ?"

"చప్పుడా? వినసొంపుగా ఉంటుందండీ. వానొచ్చిందని తెలుస్తుంది."

మాస్టారు కళ్ళు మూసుకున్నారు. అచ్చు దక్కింది గానీ, నిజం చెప్పే నోళ్ళు మాత్రం ఆయన చూస్తుండగానే మూతపడిపోయాయి. దండెం షాపులకెళ్ళాక ఏ ఇంట్లో ఏం ఇరుక్కుంటోందో, ఏం ఆగిపోతోందో ఇక ఎవరు చెప్తారు?

మేడమ్‌కి కూడా అదే అనుమానం వచ్చినట్టుంది. సోఫాలో కాలరు సర్దుకుంటున్న మనిషి వంక తేరిపార చూసింది. "సూపరింటెండెంటుగారూ, ఆదివారాలు మీకు ఖాళీయేనా?"

"ఎందుకండీ?"

"మీ తమ్ముడుగారి దండెం మీద ఎవరేమన్నా వినిపెట్టాలి. అంతే పని."

"మా వాడి తప్పులు వినాలా?" ఆయన నిటారుగా కూర్చున్నారు. "ఎన్ని గంటలకి రమ్మంటారు?"

దండెం షాపుల్లోకి వెళ్ళింది. కవర్ బిగించే వస్తోందని జనం ఇష్టంగానే కొంటున్నారు. సూపరింటెండెంటుగారు ఆదివారాలు ఇల్లిల్లూ తిరుగుతున్నారు. ఒకరి తప్పుల్ని వాళ్ళ తోడల్లుడితో చెప్పుకోవడంలో ఉన్న సుఖం తెలియనివాళ్ళు ఏ వీధిలోనూ లేరు. గుమ్మంలో ఆయన్ని చూడగానే కుర్చీ వేస్తున్నారు.

చలి మొదలైన ఒక ఆదివారం ఆయన పక్కవాటాలో పెద్దమ్మగారి దగ్గర కూర్చున్నారు. రెండు వంటిళ్ళకీ మధ్య ఒక్కటే గోడ. ఇవతల మాస్టారు గోడకి చెవి ఆనించి, చేతిలో పెన్సిలుతో నిలబడ్డారు.

"మీ తమ్ముడితో అనకండి సుమా," అంటోంది పెద్దమ్మగారి గొంతు.

"ప్రాణం పోయినా అననమ్మా. చెప్పండి."

"ఒకటా రెండా! తెల్లారగట్ల మంచు పడితే వానొచ్చిందనుకుని లోపలికి పరిగెత్తుకొస్తుంది. పిచ్చిది. మళ్ళీ నేను ఈ మోకాళ్ళతో వెళ్ళి బయటికి తొయ్యాలా? అసలా మనిషి తెల్లారి లేచి ఎప్పుడైనా ఆకాశం మొహం చూశాడా?"

"చూడడమ్మా. ఎనిమిదింటి దాకా లేవడు. చిన్నప్పట్నుంచీ అంతే," అన్నారు సూపరింటెండెంటుగారు. చిన్నప్పుడు మాస్టారెక్కడుండేవారో ఆయనకి తెలీదు.

మాస్టారు గోడ మీద గబగబా ఏదో గీశారు. స్పాంజి బిళ్ళ మందం పెంచాలి. మంచుకి ఉబ్బకూడదు, చినుక్కి ఉబ్బాలి.

"ఏమండీ," అని కేకేసింది భార్య భోజనాల బల్ల దగ్గర్నుంచి. "అన్నం చల్లారిపోతోంది, వస్తారా రారా?"

మాస్టారు చెవి తియ్యకుండానే చెయ్యెత్తారు.

"ఉండు. ఇంకా తిడుతున్నారు."